దొరసాని కంటి కింద సుడి

నంద్యాల జట్కా లూదియా కోపంగా చూసిందంటే కుందూ ఏరు వెనక్కి తిరిగి పారేది. 1946 మే నెలలో ఒక శుక్రవారం పొద్దున ఊరు ఊరంతా ఆ వింత చూసింది. సరే, ఊరు ఊరంతా కాదు. గుర్రాలను కడగడానికి ఏటికి వచ్చి, నీళ్ళు లేక నిలబడిపోయిన పదకొండు మంది జట్కావాళ్ళు చూశారు. వెనక్కి పారడం కూడా కొంచెం ఎక్కువే, ఏరు ఆగిపోయింది. నీళ్ళే లేని ఏరు ఆగడమేమిటని ఎవరైనా అడిగితే జవాబు లేదు. కానీ ఆమె చూసింది, ఏరు కదల్లేదు. ఈ రెండింటిలో ఏదీ అబద్ధం కాదు.

ఆ చూపు వెనక ఉన్న కోపం ఒక్కరోజులో పుట్టింది కాదు.

లూదియా దొర్నిపాడు పిల్ల. తండ్రి కృపావరం అక్కడొక రెడ్డిగారి గుర్రపుసాలలో సాయీసు. గుర్రాలను తోమడం, మేపడం, ఎండ ఎక్కకముందే నడిపించి తేవడం ఆయన పని. ఆదివారం గుడికి పోయి ప్రార్థన చేసేవాడు, సోమవారం గుర్రాలకు సుళ్ళు చూసేవాడు. ఈ రెండింటికీ పేచీ ఉందని ఆయనకు ఎన్నడూ తోచలేదు. వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోటే సుడి. ఆ రోజుల్లో గుర్రం కొనేవాడు కాళ్ళకన్నా ముందు సుళ్ళు చూసేవాడు. నుదుట జంట సుడి ఉంటే ఆ గుర్రం ఇంటికి కలిసొస్తుంది. కంటి కింద ఉంటే అది కన్నీటి సుడి. కన్నీళ్ళు కారే దారిలో ఉంది కాబట్టి ఆ గుర్రాన్ని కట్టేసుకున్న ఇంట్లో చావు తప్పదని నమ్మకం. అట్లాంటి గుర్రాన్ని ఊరికే ఇస్తామన్నా ఎవరూ పట్టుకుపోయేవారు కాదు.

కృపావరం తన కూతురికి ఈ విద్యంతా నేర్పి, చివర ఒక మాట చెప్పాడు. "సుడి చర్మంలో ఉంటాది పాపా, వెంట్రుకలో కాదు. దువ్వినా పోదు, గొరిగినా పోదు. పుట్టేటప్పుడు ఎన్నుంటే సచ్చేటప్పుడూ అన్నే."

పదిహేడో ఏట ఆమెను నంద్యాల జట్కా ఏలీయాకు ఇచ్చారు. ఏలీయాకు కోపం రావడం తెలియదు. బాడుగ ఎగ్గొట్టినవాడికి కూడా జాగ్రత్తగా పొమ్మని చెప్పేవాడు. అందువల్ల ఇద్దరి వాటా కోపమూ లూదియానే పడాల్సి వచ్చింది. ఆమె ఆ పనిని నిజాయితీగా చేసింది.

1941లో ఏలీయా ఆళ్ళగడ్డ మహానందయ్య దగ్గర ఒక ఆడగుర్రాన్ని కొన్నాడు. మహానందయ్యది బట్టల అంగడి. కానీ ఆయన గర్వమంతా గుర్రాల మీదే. చాగలమర్రి నుంచి శిరివెళ్ళ దాకా తనలాగా సుళ్ళు చూసేవాడు లేడని ఆయన నమ్మకం. ఆ గుర్రం నుదుట జంట సుడి చూపించి, "తొమ్మిదేండ్లది, ఇంకా పదేండ్లు నీ ఇంటికి అన్నం పెడతాది" అని చెప్పి అమ్మాడు. ఎదురుగా వచ్చి పలకరిస్తే తప్ప అడుగు కదపదు కాబట్టి ఏలీయా దానికి దొరసాని అని పేరు పెట్టాడు.

యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. నడిచేవి అనడం కన్నా దగ్గేవి అనడం మేలు. జట్కాలకు బాగా జరిగింది. 1945 వానాకాలంలో ఏలీయాకు విషజ్వరం వచ్చి తొమ్మిది రోజుల్లో పోయాడు. మిషను గుడి వెనక సమాధి చేసి వచ్చిన రెండోనాడే జట్కావాళ్ళు ఇంటికి వచ్చి, గుర్రాన్నీ బండినీ ఎవరికి అమ్మితే మంచిదో లూదియాకు చెప్పసాగారు. ఆమె అంతా విని, లోపలికి పోయి, మొగుడి ఖాకీ కోటు చీర మీద తొడుక్కుని బయటికి వచ్చింది. బండి కట్టి స్టేషనుకు తోలింది. చెళ్ళకోల ఆమె చేతిలో ఎప్పుడూ ఉండేది, కానీ దొరసాని మీద ఒక్కసారి కూడా పడలేదు. అది మనుషుల కోసం.

మరుసటి ఏడు ఈస్టరు పండుగకు మొదటి వింత కనబడింది. చలికాలపు బొచ్చు మాఘంలోనే రాలిపోవాలి. అడ్డాలో గుర్రాలన్నీ నున్నగా మెరుస్తున్నాయి. దొరసాని బొచ్చు మాత్రం రాలలేదు సరిగదా, ఇంకా పెరిగింది. నాలుగు వేళ్ళ పొడుగున, అలలు అలలుగా, కడుపు కింద వేలాడుతూ. దానికి తోడు చెమట. పూటకు రెండు బక్కెట్లు తాగే గుర్రం నాలుగు తాగింది, తరువాత ఎనిమిది తాగింది. బావిలోంచి తోడేది లూదియా కాబట్టి ప్రతి బక్కెట్టుకూ ఒక తిట్టు పడేది. ఆ తిట్లు బావికో, బక్కెట్టుకో, ఎండకో తగిలేవి.

ఒకనాడు స్టేషనులో దిగినవాడొకడు బండి చుట్టూ తిరిగి చూశాడు. "ఏందమ్మా, గుర్రానికి ఎలుగుబంటితో సంబంధం కలిపినావా?"

"కలిపింటే పిల్లను నీకే ఇచ్చేదాన్ని. ఎక్కు."

మే మొదటి వారంలో ఆళ్ళగడ్డ పోయే బొగ్గు బస్సు నంద్యాల దాటకుండానే కూలబడింది. అందులోంచి ఆదిలక్ష్మమ్మ దిగి, చేతికర్ర పొడుచుకుంటూ అడ్డాకు వచ్చింది. ఆమె మహానందయ్య తల్లి. ఎనభై నాలుగేళ్ళ మనిషి. కూతురింటికి వచ్చి తిరిగి పోతోంది. పాతిక మైళ్ళు రాలేమని జట్కావాళ్ళందరూ తప్పుకున్నారు. లూదియా వస్తానంది. శిరివెళ్ళలో బస చేసి, మరునాటికి చేర్చేట్టు మాట.

బండి ఎక్కబోతూ ముసలమ్మ ఆగింది. "ఈ ఎండలో గుర్రానికి కంబళి కప్పినావేందే?"

"కంబళి గాదవ్వా, దాని ఒంటి బొచ్చే."

"నాకు కాళ్ళు ఎప్పుడూ చల్లగా ఉంటాయి. నాకొక రెండు మూరలియ్యమను."

"కొడుకు బట్టలంగడి పెట్టుకోని నా గుర్రాన్ని అడుగుతాండావా?"

"వాని బట్ట ఒక ఉతుక్కు పోతాది. ఇది పోయేట్టు లేదు."

దారి పొడుగునా ఇద్దరూ ఇట్లాగే పోట్లాడుకున్నారు, ఇద్దరికీ హాయిగా ఉంది. శిరివెళ్ళ దాటాక దొరసాని ఎడమకు జరిగి జరిగి ఒక కల్వర్టు రాయిని చక్రంతో రాసుకుంది. ఇంకో మైలు పోయాక ఒక చెట్టును రాసుకుంది. లూదియా దిగి దాని ముఖం చూసి, మళ్ళీ ఎక్కి, పగ్గాన్ని కుడికి లాగి పట్టుకుంది.

"దానికి ఎడం కన్ను పోయినట్లుంది" అంది ఆదిలక్ష్మమ్మ లోపలినుంచి. "నాకూ ఇట్లనే మొదలాయ. ఎడం పక్క గోడలన్నీ వచ్చి నన్ను కొడతాండె. ఎవురికన్నా చూపించు."

ఆళ్ళగడ్డలో మహానందయ్య ఎదురొచ్చి తల్లిని దించుకున్నాడు. అలవాటు కొద్దీ గుర్రం తల పట్టుకుని ముఖం చూశాడు. చూసి, చేయి వెనక్కి లాక్కున్నాడు. దొరసాని ఎడమ కంటి కింద పొడుగాటి బొచ్చు మెలి తిరిగి, ఉంగరంలా చుట్టుకుని ఉంది. ఆయన తల్లిని తీసుకుని లోపలికి పోయాడు.

నాలుగో నాడు ఆదిలక్ష్మమ్మ మజ్జిగన్నం తిని, చేయి కడుక్కుని, గోడకు ఆనుకుని అట్లాగే పోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ మహానందయ్య ఒకే మాట చెప్పాడు. ఆ గుర్రానికి కన్నీటి సుడి ఉంది. మొదట ఏలీయాను తిన్నది, ఇప్పుడు మా అమ్మను తిన్నది. ఈ మాట బస్సుకన్నా ముందు నంద్యాల చేరింది. అందులో గొప్పేమీ లేదు, ఆ బస్సుకన్నా ముందు ఏదైనా చేరుతుంది.

లూదియా బండి ఎక్కేవాళ్ళు తగ్గి, వారం తిరిగేసరికి ఎవరూ లేకుండా పోయారు. ఆ శుక్రవారం పొద్దున కుందూ గట్టున జట్కావాళ్ళు ఆమె కోసం కాచుకుని ఉన్నారు. వాళ్ళందరికీ పెద్ద దస్తగిరి సాయిబు. ఏలీయాకు ప్రాణ స్నేహితుడు. మాట్లాడే పని ఆయన మీద పెట్టారు.

"నీ మింద మాకేం లేదు లూదియా. ఆ గుర్రం అడ్డాలో ఉంటే మా బండ్లకు గూడా బేరం రాకుండా పోతాండాది. దాన్ని వదిలించుకో. ఇంకో గుర్రం మేమే చూసి పెడతాం."

"యాడ వదిలించుకునేది దస్తగిరన్నా? ఎవురు కొంటారు?"

"కొనరు. నల్లమల్లో వదిలిపెడితే అదే పోతాది."

"యాడికి పోతాది? పులి దగ్గరికా?"

జట్కావాళ్ళు తమ గుర్రాల కళ్ళేలు సర్దుకోసాగారు.

"మా ఆయన పోయిన పొద్దు పాడె మోసినావు గదన్నా నువ్వు. ఆ రోజు ఈ గుర్రమేగా ఎనకాల నడిచింది. ఆ పొద్దు చెప్పల్యా, అది తినిందని."

"ఆ పొద్దు సుడి కనపడలేదు" అన్నాడు దస్తగిరి నేల చూస్తూ. "వచ్చే శుక్రవారం దాకా టైముంది. ఆ తర్వాత అడ్డాలోకి ఆ గుర్రం రాకూడదు."

అప్పుడే ఆమె తల తిప్పి ఏటి వైపు చూసింది. మనుషుల వైపు చూస్తే ఏమై ఉండేదో ఆమెకే తెలియదు. ఏరు గనక ఓర్చుకుంది.

ఆమె నేరుగా పశువుల డాక్టరు చక్రపాణి దగ్గరికి పోయింది. చక్రపాణిది అహోబిలం. తరతరాలుగా స్వామి కైంకర్యంలో ఉన్న ఇల్లు. ఆయన మాత్రం మద్రాసు పోయి గుర్రాల చదువు చదువుకుని వచ్చాడు. సెలవుకు ఇంటికి పోతే తల్లి తాయారమ్మ దొడ్డి బావి దగ్గర రెండు సార్లు తలమీద నీళ్ళు పోసుకుంటే తప్ప గడప దాటనిచ్చేది కాదు. ముప్పై నిండని మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. లూదియాకు మెత్తగా మాట్లాడేవాళ్ళంటే అనుమానం.

"దీనికి రోగముందో, పాపముందో చెప్పు సామీ. రెండోదైతే నాకు చెప్పొద్దు."

చక్రపాణి నాలుగు రోజులు తీసుకున్నాడు. చెవి కొసన చుక్క నెత్తురు తీసి అద్దం కింద పెట్టి చూశాడు. ఈగ కాటుతో వచ్చే జ్వరపు పురుగు అందులో లేదు. పేడ చూశాడు. గుర్రాన్ని ఇట్లా పిండేసేటన్ని ఏలికపాములు లేవు. బూజు పట్టిన మేత తిన్నదేమోనని లూదియా ఇంటికి వచ్చి జొన్నచొప్ప వాసన చూశాడు.

"నా మేతలో బూజా?" అంది లూదియా. "నీ ఇంటి బియ్యం తెచ్చి దీని పక్కన పెట్టు, ఏది శుభ్రమో చూద్దాం."

"ఉందని అనలేదమ్మా. లేదని తేలాల. దీని వయసెంత?"

"పద్నాలుగు."

ఆయన గుర్రం నోరు తెరిచి చాలాసేపు చూశాడు. ముందు పళ్ళు పొడుగై బయటికి వాలి ఉన్నాయి. పై మూల పంటి మీద ఒక గీత ఉంటుంది. పదేళ్ళప్పుడు చిగురు దగ్గర మొదలై, ఇరవయ్యేళ్ళకు పంటి కొస దాకా దిగి, ఆ తర్వాత పైనుంచి చెరిగిపోతూ వస్తుంది. దొరసాని గీత అప్పుడే పైన చెరిగింది.

"ఇరవై రెండుకు తక్కువ లేదు" అన్నాడు.

లూదియా చెళ్ళకోలను మెల్లగా నేల మీద పెట్టింది. అది చేతిలో ఉండటం మంచిది కాదని ఆమెకు తోచింది. తొమ్మిదేళ్ళది అని చెప్పి పదిహేడేళ్ళ గుర్రాన్ని ఏలీయాకు కట్టబెట్టినవాడే ఇప్పుడు కన్నీటి సుడి గురించి ఊళ్ళో చెబుతున్నాడన్నమాట.

మరునాడు చక్రపాణి దొరసాని ఉచ్చ పట్టి తెమ్మన్నాడు. ఎనిమిది బక్కెట్లు తాగే గుర్రం కాబట్టి పట్టడం కష్టం కాలేదు, ఆపడమే కష్టం. ఆయన గాజు గొట్టంలో నీలం రంగు మందునీళ్ళు పోసి, దాంట్లో ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచాడు. నీలం పచ్చనై, పసుపై, చివరికి ఇటికెరాయి రంగుకు తిరిగింది.

"చక్కెర పోతాంది" అన్నాడు.

"నేను దానికి బెల్లం ముక్క పెట్టలేదు సామీ. రేషన్లో నాకే లేదు."

"తినిన చక్కెర గాదమ్మా ఇది."

ఆఖరున గుర్రాన్ని చీకటి కొట్టంలోకి తీసుకుపోయి, కొవ్వొత్తి వెలిగించి కంటి దగ్గరికి తెచ్చాడు. కుడి కంటి పాప బద్ధకంగా చిన్నదయింది. ఎడమ కంటి పాప కదల్లేదు. గాలి తగలకుండా ఎడమ కంటి ముందు చేయి ఆడించాడు. దొరసాని రెప్ప వేయలేదు.

కొవ్వొత్తి ఆర్పకుండానే చెప్పాడు. "మెదడు అడుగున చింతగింజంత గ్రంథి ఒకటుంటాదమ్మా. బొచ్చు ఎప్పుడు రాలాల, నీళ్ళు ఎన్ని తాగాల, చెమట ఎప్పుడు పట్టాల, ఈ హుకుంలన్నీ ఆడినుంచే. ముసలి గుర్రాలకు కొన్నిటికి దాంట్లో గడ్డ లేస్తాది. కండ్ల నరాలు రెండూ సరిగ్గా దాని పక్కనే ఒకదాన్నొకటి దాటుకోని పోతాయి. గడ్డ పెరిగి వాటిని నొక్కితే చూపు పోతాది. దీనికి అదే అనుకుంటాండా."

"అనుకుంటాండావా, తెల్సా?"

"అనుకుంటాండా. మిగతా రోగాలన్నీ ఒక్కొక్కటే కొట్టేస్తే ఇదే మిగిలింది."

"తెల్సేదెట్ల?"

చక్రపాణి కొవ్వొత్తి వైపు చూశాడు. "తల తెరిచి చూడాల. బతికుండగా కాదు."

లూదియా గొంతు మెల్లగా మొదలైంది. ఆమె గొంతు మెల్లగా మొదలైతే తెలిసినవాళ్ళు దూరం జరుగుతారు. చక్రపాణికి తెలియదు.

"ఆ ఆళ్ళగడ్డ మహానందయ్య శెట్టేమో దీనికి సుడుంది చంపమంటాడు. నువ్వేమో సుడి గాదు రోగమని చూపించాలంటే చావాల అంటాండావు. మీ ఇద్దరికీ తేడా ఏందో చెప్పు సామీ. మద్రాసులో అన్నేండ్లు చదివితివే, చచ్చినాంక చెప్పే చదువేంది అది? తప్పు చెయ్యలేదని చూపించుకోవాలంటే తలకాయ పగలగొట్టుకోవాలని ఏ కోర్టులో ఉండాది?"

"నేను చంపమనలేదమ్మా."

"మందుందా?"

"లేదు."

"లేదని ముందే చెప్తే నాలుగు దినాలు మిగిలేవి గదా నాకు."

ఆయన కొవ్వొత్తి ఆర్పి, అదే మెత్తటి గొంతుతో అన్నాడు. "నీళ్ళు అడిగినన్ని పెట్టు. బొచ్చు మొత్తం కత్తిరించేయి, ఎండకు ఉడికిపోతాంది. అంతకన్నా నాకు తెలీదు."

బయటికి వచ్చి పది అడుగులు వేసి లూదియా ఆగిపోయింది. బొచ్చు కత్తిరించడం. దువ్వినా పోదు, గొరిగినా పోదు. నాయన మాట చెవిలో పడినట్టయింది. సుడి అయితే చర్మంలో ఉంటుంది. కాకపోతే కత్తెరతో పోతుంది. సుళ్ళు చూసే ఊళ్ళో ఇంత చిన్న సంగతి పదకొండు మందిలో ఒక్కడికీ తోచలేదు. ఆ మెలి పుట్టింది పొడుగు బొచ్చులో అని, ఆ పొడుగు బొచ్చు పుట్టింది రోగంలో అని, ఒక్కడూ చేయి పెట్టి చూడలేదు. అట్లా అని ఇంట్లో గొరిగితే చర్మం కోసి దాచిందంటారు. గొరగవలసిన చోటు ఆళ్ళగడ్డ.

శుక్రవారం గడువు ఒక రోజు ఉందనగా ఆళ్ళగడ్డ సంత. లూదియా బండి కట్టకుండా, దొరసాని ఎడమ పక్కన నడుస్తూ, అది తనను ఆనుకుంటే ఆనుకోనిస్తూ పాతిక మైళ్ళు నడిచింది. శిరివెళ్ళలో గొర్రెలవాళ్ళ దగ్గర బొచ్చు కత్తెర అడిగి తీసుకుంది. సంత నడి మధ్య, మహానందయ్య బట్టల అంగడి ముందు, గుర్రాన్ని నిలబెట్టింది.

మహానందయ్య అరుగు మీదికి వచ్చాడు. "ఏమే లూదియా, ఆ పీడను నా గడపలోకి తెస్తాండావా?"

"గడప నీది శెట్టీ. బజారు నీది గాదు. ఈ గుర్రాన్ని మా ఆయనకు ఎవురమ్మినారు?"

"నేనే. అమ్మినప్పుడు ఈ సుడి లేదు."

"సుడి పుట్టినాంక వస్తాదా?"

జనం చేరారు. వాళ్ళలో సగం మందికి ఆ జవాబు తెలుసు. మహానందయ్యకు అందరికన్నా బాగా తెలుసు. అబద్ధం చెబితే ముప్పై ఏళ్ళ విద్య పోతుంది.

"రాదు" అన్నాడు.

"అట్లయితే నువ్వు అమ్మినప్పుడే ఉండాల. చూసి దాచినావా? చూసేది చేతగాలేదా? రెంట్లో ఏదో ఒకటి చెప్పు, ఇంతమంది వింటాండారు."

"ఇది నేనమ్మిన గుర్రమే కాదు. నాది నున్నగా ఉండె. తొమ్మిదేండ్లది."

"ఎన్నేండ్లది?"

లూదియా దొరసాని పెదవి ఎత్తి పట్టింది. "గుర్రం పండ్లు చూడనేర్చినోళ్ళు ఎవురైనా ఉంటే రాండి."

చాగలమర్రి నుంచి గుర్రాలు అమ్మడానికి వచ్చిన ఒక ముసలాయన ముందుకు వంగి చూశాడు. "ఇరవై దాటి శానా దినాలైంది" అన్నాడు. "ఐదేండ్ల కిందట తొమ్మిదంటే, ఈ గుర్రం మనకన్నా బేగా ముసిలిదైతాంది." జనం నవ్వారు. లూదియా నవ్వలేదు. ఆమె కత్తెర తీసింది.

వెనక తొడ దగ్గర మొదలుపెట్టింది. ముఖం వైపు పోలేదు. వీపు, డొక్కలు, కడుపు, కాళ్ళు. పొద్దు నడినెత్తి మీదికి వస్తోంది, సంతలో బేరాలు ఆగిపోయాయి, ఆమెకు తొందర లేదు. బొచ్చు ఆమె మోకాళ్ళ దాకా గుట్ట పడింది. ఆ బొచ్చుతో ఆళ్ళగడ్డలో పదహారు పరుపులు కుట్టారని చెప్పుకుంటారు. పదహారు కాదు, ఒక దిండు కుట్టారు. దిండు కూడా చిన్నదే. మెడ అయింది, దవడ అయింది. ఎడమ కంటి కింద ఆ ఒక్క మెలి మిగిలింది. ఆమె కత్తెరను మహానందయ్య వైపు చాపింది.

"నువ్వే కత్తిరించు. నేను చేస్తే తోలు తీసినానంటావు."

ఆయన అరుగు దిగి వచ్చాడు. కత్తిరింపు శుభ్రంగా చేశాడు. మెలి ఆయన అరచేతిలో పడింది. కంటి కింద చర్మం మీద పొట్టి వెంట్రుకలు గడ్డి దుబ్బుల్లాగా, ఒకే దిక్కుకు, నేరుగా కిందికి వాలి ఉన్నాయి. బొటనవేలితో ఒకసారి కిందికి, ఒకసారి పైకి రాసి చూశాడు. మూడోసారి కూడా రాశాడు.

"లేదు" అన్నాడు.

"గట్టిగా."

"సుడి లేదు." ఆ తర్వాత ఎవరినో అడిగినట్టు అన్నాడు. "మరి అమ్మ ఎట్ల పోయింది?"

"ఎనభై నాలుగేండ్లు శెట్టీ" అంది లూదియా. కోపంగానే అంది, కానీ ఆ మాటలో వేరే ఏదో కూడా ఉంది.

మహానందయ్య భార్య లక్ష్మీకాంతమ్మ నీళ్ళ బక్కెట్టుతో బయటికి వచ్చి గుర్రం ముందు పెట్టింది. పెడుతూ, మొగుడి వైపు చూడకుండా అంది. "అత్త పోయేదాకా దీని మాటే. దానికి నా మాదిరే కన్ను పోతాంది, డాక్టరుకు చూపించమని లూదియాకు కబురు పంపు అని రోజూ చెప్పింది. ఈయన పంపలేదు."

లూదియా మహానందయ్యను చూసింది. దగ్గరలో ఏరు లేదు కాబట్టి ఆ చూపు మొత్తం ఆయనే భరించాడు. దొరసాని తొమ్మిది బక్కెట్లు తాగింది. తొమ్మిదీ లక్ష్మీకాంతమ్మే తోడింది.

అడ్డావాళ్ళు ఆమెకు చోటిచ్చారు. దస్తగిరి ఆమె కన్నా ముందు వచ్చి ఆ చోటు ఊడ్చి పెట్టాడు కూడా. లూదియా మూడు నెలల పాటు బండి వెనక భాగం ఆయన వైపు ఉండేట్టు నిలిపి, ఆ తర్వాత కాస్త పక్కకు తిప్పింది. క్షమించడం అంతవరకే జరిగింది. చక్రపాణితో మాత్రం మాట్లాడింది, ఎందుకంటే ఆయనను తిట్టవలసింది ఇంకా మిగిలి ఉంది. బొచ్చు మళ్ళీ పెరిగింది, మళ్ళీ కత్తిరించింది. దసరా నాటికి దొరసానికి రెండో కన్ను కూడా పోయింది. ఇక బండి కట్టలేదు. లూదియా మిషను ఆసుపత్రిలో బట్టలు ఉతికి దానికి మేత తెచ్చింది.

1947 జనవరిలో దొరసాని నుదుటిని గోడకు ఆనించి నొక్కుతూ నిలబడటం మొదలుపెట్టింది. గోడ అవతలికి పోవాలన్నట్టు. రెండు సార్లు మూర్ఛ వచ్చింది. మూడోసారి, ఒక మధ్యాహ్నం, లేవలేదు.

చక్రపాణి వచ్చి, టోపీ తీసి, ఊరికే నిలబడ్డాడు.

"అడుగు సామీ" అంది లూదియా. "అడిగేదానికే గదా వచ్చింది."

"నువ్వు వద్దంటే పోతా."

"వద్దు."

ఆయన వెనక్కి తిరిగాడు. వాకిలి దాటబోతుండగా ఆమె పిలిచింది. "నిలబడు. ఆ శెట్టిని పిలిపించు. ఆయన పక్కన నిలబడి చూస్తేనే తెరువు. అనుకుంటాండా, అనుకుంటాండా అని నువ్వు చెప్పిన మాట ఎనిమిది నెల్లు మోసినా. దించుకోవాల."

మహానందయ్య మరునాడు మొదటి బస్సుకు వచ్చాడు. చక్రపాణి రంపంతో పనిచేసినంతసేపూ లూదియా దొరసాని చెవి పట్టుకుని కూర్చుంది. మెదడు అడుగున, చింతగింజ ఉండవలసిన చోట, పెద్ద ఉసిరికాయంత గడ్డ ఉంది. కండ్ల నరాలు దాని మీద తాళ్ళలాగా బిగుసుకుని ఉన్నాయి. చక్రపాణి పక్కకు జరిగి ఇద్దరికీ చూపించాడు. చెప్పవలసిన అవసరం లేకపోయింది.

లూదియా ఆ గడ్డను చూసి తిట్టడం మొదలుపెట్టింది. తెరిచినప్పుడు అది టెంకాయంత ఉండేదనీ, ఆమె తిట్లకు ముడుచుకుని ముడుచుకుని ఉసిరికాయంత అయిందనీ జట్కావాళ్ళు ఇప్పటికీ చెబుతారు. చక్రపాణి నోటు పుస్తకంలో మాత్రం ఉసిరికాయ అనే ఉంది. ఆయన కొలిచింది తిట్లు అయిపోయాక.

మహానందయ్య గోడ పట్టుకుని నిలబడి అన్నాడు. "ఏలీయాకు ఏండ్లు తక్కువ జెప్పి అమ్మినా."

"నాకెందుకు చెప్తాండావ్? ఆయప్ప మిషను గుడి ఎనకాల ఉండాడు. పొయ్యి ఆయప్పకు చెప్పు."

మహానందయ్య బస్సు ఎక్కకముందు గుడి వైపు నడిచి పోవడం దస్తగిరి చూశాడు.

లూదియాకు ఇప్పుడు డెబ్భై దాటింది. చిన్న దిండు ఒకటి వీపుకు ఆనించుకుని అరుగు మీద కూర్చుంటుంది. నేను రాసిన ఈ సంగతులన్నీ మొదటినుంచీ చదివి వినిపిస్తే, ఏరు దగ్గర ఒకసారి, పదహారు పరుపుల దగ్గర ఒకసారి మూలిగి, చివరిదాకా విన్నది.

"ఎవురు చెప్పినారు నీకిదంతా? నేను జట్కా తోలిందీ లేదు, ఆళ్ళగడ్డ చూసిందీ లేదు. ఆ శెట్టి ఎవురో నేనెరగ. గుర్రానికి రోగమూ లేదు, గడ్డా లేదు. ముసిలిదై నిద్రలో పోయింది. దాని తల ఎవురూ తెరవలేదు, నేను తెరవనిచ్చేదాన్నా? ఇంక కోపమంటావా, నాకు పుట్టి బుద్ధెరిగినాంక ఒక్క పొద్దు గూడా కోపం రాలేదు. అంతా అబద్ధం."